ఏజెన్సీలో సింగిల్ టీచర్ బడి: టెట్ ముందా, బీఈడీ ముందా?

మన్యం ఎస్జీటీ:
పెదబయలు వైపు ఏకోపాధ్యాయ బడి నాది. డీఎస్సీ 2008 బ్యాచ్, అప్పటికి టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) అనేదే లేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ టెన్షన్ పట్టుకుంది. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలట. ఇంకోపక్క ఇగ్నో దూరవిద్యలో బీఈడీ చేసి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) అవ్వాలని ఎప్పటి నుంచో ఆశ. ఐదు తరగతులూ ఒక్కడినే చూసుకుంటూ, ముఖ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, కాంప్లెక్స్ మీటింగులు. రెండు చదువులూ కలిపి లాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొండదారి మేడం:
సార్, ముందు టెట్. ప్రమోషన్‌కి కూడా టెట్ కావాలని ఆ తీర్పులోనే ఉంది కదా, ఇక ఆలోచించేదేముంది? ఐదో తరగతి దాకా చెప్పేవాళ్లు రాసే పేపర్ 1 మీకు కష్టం కాదు. 150 మార్కుల్లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం తలా 30. చివరి మూడూ రోజూ చెప్పేవే. మనల్ని పడగొట్టేది శిశు వికాసం. టీచర్ ట్రైనింగ్ (డీఎడ్)లో చదివిన పియాజే, వైగోట్‌స్కీ సిద్ధాంతాలు ఇప్పుడెవరికి గుర్తున్నాయి! నేను పొద్దున ఫోన్లు మోగకముందే చదివేదాన్ని. రాత్రి చదువుదామంటే కరెంటు మన మాట వినదు.

ఉట్నూరు పంతులు:
మాది తెలంగాణ. నేను అంబేద్కర్ సార్వత్రికలో ఎంఏ చేశాను. ఆదివారం క్లాసులకు వెళ్లొస్తే వారంలో దొరికే ఒక్క సెలవూ పోయేది. ఇంట్లోవాళ్లు ఊరుకోరు, చెప్పొద్దూ! అయినా ఎంఏ పుస్తకాల కన్నా గోండి నేర్చుకున్నదే బడిలో ఎక్కువ పనికొచ్చింది. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు కొత్త భాష. వాళ్ల మాటలో చెప్తే గానీ నోరు విప్పరు. దానికి సర్టిఫికెట్ ఇవ్వరు, ప్రమోషన్ రాదు. అది వేరే సంగతి.

కొండదారి మేడం:
నిజమే సార్. మా దగ్గర పిల్లల మాట కువి.

పాత విద్యార్థి:
ఇగ్నో బీఈడీ చేసినవాడిని. రెండేళ్ల కోర్సు, ఐదేళ్ల లోపు పూర్తి చేయొచ్చు. కాబట్టి టెట్ అయ్యాక మొదలుపెట్టినా కొంపలేం మునగవు. అసలు చిక్కు పుస్తకాలతో కాదు, వర్క్‌షాపులతో. ఏడాదికోసారి 12 రోజులు వరసగా సెంటర్లో ఉండాలి. సింగిల్ టీచర్ సెలవు పెడితే బడికి తాళమే. మీ బదులు ఎవరిని పంపుతారో ఎంఈఓ (మండల విద్యాధికారి) గారితో ముందే మాట్లాడుకోండి. చదువుకు డిపార్ట్‌మెంట్ అనుమతి కాగితం కూడా అడ్మిషన్‌కి ముందే తెచ్చుకోండి. లేకపోతే రేపు సర్వీస్ రిజిస్టర్‌లో డిగ్రీ ఎక్కించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగాలి. పాఠాల పీడీఎఫ్‌లు ఇగ్నో వారి ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మండల కేంద్రానికి వెళ్లినప్పుడే దించుకుంటే కొండ మీద నెట్‌తో పనుండదు.

మన్యం ఎస్జీటీ:
అందరికీ ధన్యవాదాలు. అయితే ఈ ఏడాది టెట్ ఒక్కటే. శిశు వికాసానికి తెలుగులో మంచి నోట్సు ఎవరి దగ్గరైనా ఉందా?

కొండదారి మేడం:
నా దగ్గర చేతిరాతది ఉంది. ఈ ఆదివారం స్కాన్ చేసి ఇక్కడే పెడతాను. దస్తూరి గురించి మాత్రం ఏమీ అనకూడదు.