రెండు కార్లు నడిపా, అయినా తేలట్లేదు... మీరు దేన్ని చూసి ఎంచుకుంటారు?

తేలనిలెక్క:

అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లుగా ఒకే చిన్న హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నా, ఇప్పుడు మార్చాలి. వడపోసి వడపోసి రెండు బళ్ల దగ్గర ఆగా. పేర్లు చెప్తే ఆ కంపెనీ వాళ్లు ఈ కంపెనీ వాళ్లు అని రెండు జట్లయిపోయి అసలు విషయం పక్కకి పోతుంది, అందుకే ఒకదాన్ని ఎర్రది అంటా ఇంకోదాన్ని తెల్లది అంటా, నేను నడిపిన డెమో బళ్ల రంగులు అవే.

రెండిటి బ్రోచర్లూ పక్కపక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నా. సైజు దాదాపు ఒకటే, ఇంజన్ రెండిట్లో 1.5 లీటర్లే, పవర్‌లో తేడా 5 హార్స్‌పవర్, డిక్కీలో తేడా పదో పన్నెండో లీటర్లు, ఎయిర్‌బ్యాగులు ఆరూ ఆరూ, సన్‌రూఫ్, వెనక కెమెరా, వైర్‌లెస్ చార్జింగ్ అన్నీ రెండిట్లో ఉన్నాయి. ఎర్రదాంట్లో స్క్రీన్ పెద్దది, అంతే. ఒకళ్ల పేపర్లోంచి ఒకళ్లు చూసి రాసినట్టే ఉంది.

టెస్ట్ డ్రైవ్ చెరో పదిహేను నిమిషాలు. సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని ఇది నొక్కి చూడండి, అది నొక్కి చూడండి అంటూనే ఉన్నాడు. ఎర్రది తెగ నచ్చేసింది, బుక్ చేసేద్దాం అనుకున్నా. ఇంటికొచ్చాక చెల్లి అడిగింది, బ్రేక్ ఎలా ఉందిరా, గతుకుల్లో ఎలా ఉంది, వెనక అమ్మ కాళ్లకి చోటుందా అని. ఒక్కదానికీ జవాబు లేదు నా దగ్గర. గుర్తున్నదల్లా ఆ స్క్రీనే. అప్పుడు కాస్త భయమేసింది, ఇంకో ఎనిమిదేళ్లు నడపాల్సిన బండి, దాని గురించి నాకు తెలిసింది ఇంతేనా అని.

అసలు ఈ కార్లన్నీ ఎందుకిలా ఒకేలా తయారయ్యాయి? ఒకేలా ఉన్న రెండిట్లో తేడా ఎక్కడ వెతకాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతక్లచ్:

మంచి ప్రశ్న తమ్ముడూ. ముందు ఎందుకు ఒకేలా ఉంటాయో చెప్తా, అది అర్థమైతే తేడా ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

కంపెనీలు నిన్ను చూసి కారు చెయ్యడం కంటే పక్క కంపెనీని చూసి చెయ్యడం ఎక్కువ. ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1966లో జపాన్‌లో నిస్సాన్ వాళ్లు సన్నీ తెచ్చారు, 1000 సీసీ. టయోటా అదే ఏడాది కరోలా తేవాలని చూస్తోంది, వాళ్లు మొదట అనుకున్నదీ 1000 సీసీయే, సన్నీ సంగతి తెలిసి ఆఖర్లో ఇంజన్‌ని 1100 చేశారు, చేసి ఊరుకోలేదు, మాది 100 సీసీ ఎక్కువ అన్నదే ప్రచారంగా పెట్టుకున్నారు. నిస్సాన్‌కి మండింది. 1970లో కొత్త సన్నీని 1200 సీసీతో దింపి, దీని పక్కన నిలబెడితే పక్క కారు చిన్నగా కనపడుద్ది అనే అర్థంలో యాడ్ వేశారు. ఆ 100 సీసీ వల్ల రోజూ ఆఫీసుకెళ్లే మనిషికి ఒరిగింది ఎంతో ఆలోచించు. కానీ అంకె పెద్దది, పక్కవాడి అంకె చిన్నది, షోరూంలో కస్టమర్‌కి వేలు పెట్టి చూపించొచ్చు. ఇప్పుడు నువ్వు చూసిన స్క్రీన్ సైజు కూడా ఆ 100 సీసీ లాంటిదే.

అలాగని పోటీ చెడ్డదని నేననను. ఫోర్డ్ మోడల్-టీ 1908లో వచ్చి 1927 దాకా నడిచింది, కోటిన్నర పైన చేశారు, చాలా ఏళ్లు నల్ల రంగొక్కటే. జనరల్ మోటార్స్ వాళ్లు రకరకాల రంగులు, ఏటా కొత్త రూపు, వాయిదాల మీద అమ్మకం అని మొదలుపెడితే గానీ ఫోర్డ్ దాన్ని ఆపి మోడల్-ఎ తేలేదు.

ఇంకో కారణం, లోపలి సామాను చేసేది చాలావరకు వేరేవాళ్లు. బాష్, డెన్సో, ఐసిన్ లాంటి వాళ్లు అందరికీ సప్లై చేస్తారు. జెడ్‌ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బీఎండబ్ల్యూలోనూ ఉంది, జాగ్వార్‌లోనూ ఉంది, ఆల్ఫా రోమియోలోనూ ఉంది. కానీ ఇక్కడే అసలు కిటుకు, గేర్‌బాక్స్ ఒకటే అయినా ఎప్పుడు గేర్ మార్చాలి, ఎంత మెత్తగా మార్చాలి అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ట్యూన్ చేసుకుంటుంది. టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ చూడు, రెండూ ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, ఇంజన్ ఒకటే, బాడీ దాదాపు ఒకటే, అయినా సస్పెన్షన్ సెట్టింగ్ వేరు కాబట్టి రెండూ నడిపినవాళ్లు టయోటాది మలుపులో వెనక చక్రాలు త్వరగా జారతాయి, సుబారుది కుదురుగా ఉంటది అంటారు. బ్రోచర్ చూస్తే ఆ సంగతి జన్మలో తెలీదు. నీ రెండు బళ్ల తేడా కూడా ట్యూనింగ్‌లో ఉంది, నడిపి తెలుసుకోవాల్సిందే.

రాత్రిబండి:

పాతక్లచ్ అన్న చెప్పింది కరెక్ట్. నేను రోజుకి ఎనభై కిలోమీటర్లు నడుపుతా, సగం చీకట్లో, కాబట్టి నడిపేటోడి లెక్క ఏంటో చెప్తా.

నా ఇప్పటి బండి నేను కూడా నీలాగే స్క్రీన్ చూసి కొన్నా. కంపెనీ పేరు వద్దులే. దాంట్లో ఏసీకి బటన్లు లేవు, అన్నీ స్క్రీన్‌లోనే. కొన్న మూడో వారం జోరు వాన, రాత్రి, ముందు అద్దం లోపల్నుంచి పొగమంచు పట్టినట్టు మసకేసేసింది. పాత బండిలో అయితే చెయ్యి దానంతటదే నాబ్ మీదకి పోయేది, చూడక్కర్లే. ఇక్కడ మ్యాప్ తీసేసి, ఏసీ పేజీ తెరిచి, అందులో ముందు అద్దం బొమ్మ వెతికి నొక్కాలి, మూడు నొక్కుళ్లు, ఆ మూడు నొక్కేలోపు ముందు పోతున్న లారీ బ్రేక్ వేసింది. గుద్దలేదు కానీ బండి పక్కకి ఆపి ఐదు నిమిషాలు అట్లనే కూర్చున్నా, చేతులు వణుకుతున్నయి. యూరప్‌లో కార్లని గుద్దించి చూసి సేఫ్టీ స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్ లాంటి వాటికి విడిగా చేతికందే స్విచ్‌లు లేకపోతే మార్కులు తగ్గిస్తమన్నరు, ఆ లిస్టులో అద్దం మసక తీసేది కూడా ఉండాల్సింది అనిపించింది నాకైతే.

అందుకే ఈసారి టెస్ట్ డ్రైవ్‌కి పోతే ముందు స్క్రీన్ ఆపేయమను. సీటు సెట్ చేసుకుని కదలకుండా పది నిమిషాలు కూర్చో, తొడల కింద ఆనుతుందా గాల్లో ఉందా చూడు, పొద్దున తెలీదు గానీ రెండు గంటల డ్రైవ్ తర్వాత ప్రాణం పోతది. కుడికి తిరిగేటప్పుడూ ఎడమకి తిరిగేటప్పుడూ అద్దం పక్కనుండే పిల్లర్ వెనక మనిషి దాక్కుంటాడా చూడు, కొన్ని బళ్లలో ఆ పిల్లర్ ఎంత లావుంటదంటే రోడ్డు దాటే మనిషి మొత్తం మాయమైపోతడు. బ్రేక్ ట్రాఫిక్‌లో తొక్కి చూడు, మొదటి అంగుళంలోనే పట్టేస్తే రోజూ తల ఊగుతా ఉంటది.

ఇంకోటి, 5 హార్స్‌పవర్ తేడాని పట్టించుకోకు. టార్క్, అంటే బండిని లాగే బలం, ఎన్ని ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడు. ఒకదాంట్లో 1500 దగ్గరే వచ్చి, రెండోదాంట్లో 4000 దాటితే గానీ రాకపోతే, ఊళ్లో తిరిగేటప్పుడు ఆ రెండూ అసలు ఒక జాతి బళ్లే కావు. బ్రోచర్‌లో చిన్నక్షరాల్లో ఉంటది, రెండిటికీ రాసి పెట్టు, నేను చూసి చెప్తా.

బెల్ట్‌పెట్టుకోండి:

గుద్దుకుంటే బండి ఎంత కాపాడుతుందో ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఆరు ఎయిర్‌బ్యాగులు రెండిట్లో ఉన్నాయి కాబట్టి రెండూ సమానం అనుకోకండి. బ్యాగు ఎప్పుడు తెరుచుకుంటుంది, క్యాబిన్ నలగకుండా నిలుస్తుందా అన్నది క్రాష్ టెస్ట్‌లోనే తేలుతుంది.

పోటీ వల్ల మనకి నిజంగా మేలు జరిగింది ఇక్కడే. 1997లో యూరో ఎన్‌క్యాప్ మొదటి రిజల్ట్స్ ఇచ్చినప్పుడు రోవర్ 100కి ఒక్క స్టార్ వచ్చింది. కంపెనీలన్నీ ఈ టెస్ట్ మరీ కఠినం, నాలుగు స్టార్లు ఎవరికీ సాధ్యం కాదు అన్నాయి. కొన్ని నెలల్లోనే వోల్వో ఎస్40 నాలుగు తెచ్చుకుంది. రోవర్ 100 ఆ ఏడాదితోనే ఆగిపోయింది. 2001కల్లా రెనో లగునాకి ఐదొచ్చాయి. పక్కవాడు చేసి చూపిస్తే గానీ సాధ్యం కాదన్న మాట ఆగదు.

కానీ టెస్ట్‌కి ఎంత చదవాలో అంతే చదివే కంపెనీలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో కార్లకి క్రాష్ టెస్ట్‌లు చేసే ఐఐహెచ్ఎస్ వాళ్లు 2012లో కొత్త టెస్ట్ పెట్టారు, కారు ముందు భాగంలో డ్రైవర్ వైపు పావు వంతు మాత్రమే గోడకి తగిలేలా. మొదట్లో పెద్ద పెద్ద లగ్జరీ కార్లే తేలిపోయాయి. తర్వాత అందరూ డిజైన్ మార్చి మంచి రేటింగ్ తెచ్చుకున్నారు. 2016లో వాళ్లకి అనుమానమొచ్చి డ్రైవర్ వైపు మంచి రేటింగ్ ఉన్న ఏడు చిన్న ఎస్‌యూవీలని రెండో వైపు కొట్టి చూశారు. ఏడింట్లో ఒక్కటే బాగా నిలబడింది. మిగతావాటిలో కొందరు టెస్ట్ చేసే వైపే గట్టి చేసి పక్క సీటు వైపు వదిలేశారు. పక్క సీట్లో కూర్చునేది మన అమ్మో భార్యో పిల్లలో కదండి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 2017లో ఆ వైపుకి కూడా టెస్ట్ మొదలయ్యాక గానీ దారికి రాలేదు.

అందుకని స్టార్లు ఎన్ని అని ఆగకుండా ఏ ఏడాది టెస్ట్, ఏ వేరియంట్‌ని కొట్టారు, పిల్లల సీటు మార్కులెన్ని అని చూడండి. పదేళ్ల కిందటి ఐదు స్టార్లూ ఇప్పటి ఐదు స్టార్లూ ఒకటి కావు, రూల్స్ మారుతూ ఉంటాయి.

గ్రీజుచేతులు:

వర్క్‌షాప్‌లో పని చేస్తా, పదిహేడేళ్లయింది. పైన అందరూ మంచిగా చెప్పిండ్రు, ఒక్క విషయం వదిలేసిండ్రు. టైర్లు.

తేలనిలెక్క భాయ్, నువ్వు నడిపిన డెమో బండ్లు రెండూ టాప్ వేరియంట్ అయి ఉంటయ్, షోరూంలో అదే పెడతరు. టాప్‌కి పెద్ద వీల్స్ వేస్తరు, చూడ్డానికి బాగుంటదని. టైర్ పక్కన నంబర్ చదువు. 205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, దాంట్ల 55 శాతం పక్క గోడ ఎత్తు, అంటే దగ్గర దగ్గర 113. అదే బండికి టాప్ వేరియంట్ల 225/40 ఆర్18 వేస్తే గోడ 90 మిల్లీమీటర్లే. మొత్తం టైర్ ఎత్తు దాదాపు ఒకటే, కాని గతుకు మింగే రబ్బరు ఇరవై మూడు మిల్లీమీటర్లు పోయింది. గుంతల పడితే ఆ దెబ్బ రిమ్ముకి తగులుతది, నీ నడుముకి తగులుతది. నా దగ్గరికొచ్చే వంగిన రిమ్ములు ఎక్కువ ఆ పెద్ద వీల్స్‌వే. సస్పెన్షన్ గట్టిగుందని కంపెనీని తిడతరు, చిన్న వీల్స్ ఉన్న అదే మోడల్ నడిపితే మెత్తగుంటది. కాబట్టి నువ్వు కొనబోయే వేరియంటే నడుపు.

ఇంకో మాట, కొత్తగా కొన్నోళ్లని అడగొద్దు. ఇష్టపడి కొన్నరు గద, ఆరు నెలలు దాన్నే మోస్తరు, తప్పు వాళ్లకే కనపడదు. మూడేళ్లు దాటినోన్ని అడుగు. బండి కొన్నోళ్లని అడిగి జేడీ పవర్ అనే కంపెనీ చేసే సర్వేలు కూడా రెండు రకాలు, ఒకటి మొదటి 90 రోజులది, ఒకటి మూడేళ్ల బండ్లది. 90 రోజుల దాంట్ల ఎక్కువ ఫోన్ కనెక్ట్ అయితలేదు, స్క్రీన్ అర్థమైతలేదు లాంటి ఫిర్యాదులుంటయ్. నువ్వు మూడేళ్లది చూడు.

తేలనిలెక్క:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నా, కారణం ఉంది, శని ఆదివారాలు రెండు షోరూంలకీ మళ్లీ వెళ్లా. ఈసారి చెరో గంట అడిగా, ఒకళ్లు వెంటనే ఒప్పుకున్నారు, ఇంకొకళ్లతో కాస్త గట్టిగా మాట్లాడాల్సొచ్చింది. అమ్మని వెనక కూర్చోబెట్టా, చెల్లి పక్క సీట్లో నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది.

ఎర్రది స్క్రీన్ ఆపేసి నడిపితే వేరే బండిలా అనిపించింది. స్టీరింగ్ నిజంగా బాగుంది, అది ఒప్పుకోవాలి. కానీ రాత్రిబండి చెప్పిన పిల్లర్... ఒక మలుపు దగ్గర సైకిల్ మీద పిల్లాడు వస్తున్నాడు, నాకు కనపడలేదు, చెల్లి అరిచింది. నెమ్మదిగానే పోతున్నా కాబట్టి సరిపోయింది. వెనక అమ్మకి మోకాళ్లు ఎత్తుగా ఉన్నాయి, సీటు కింద ఉండి నేల ఎత్తులో ఉన్నట్టుంది, ఇరవై నిమిషాలకే కాలు చాపుకుంటానంది.

తెల్లదాంట్లో టార్క్ 1600 దగ్గరే మొదలవుతుందట, ఎర్రదాంట్లో 4300 (చిన్నక్షరాలు దొరికాయి రాత్రిబండి గారూ). ట్రాఫిక్‌లో ఆ తేడా కాలికే తెలిసిపోయింది. ఏసీకి గుండ్రటి నాబ్‌లున్నాయి. కాకపోతే గతుకుల్లో కొంచెం కొట్టింది, దిగి టైర్ చదివితే 18 అంగుళాలు. కింది వేరియంట్‌కి 16 వస్తాయట, ఆ బండి బుధవారం తెప్పిస్తామన్నారు. అది నడిపాకే డబ్బు కడతా.

గ్రీజుచేతులు:

మంచిగ చేసినవ్. బుధవారం ఎక్కే ముందు టైర్లల్ల గాలి చెక్ చేయించు. కొత్త బండ్లకి రవాణా కోసం గాలి ఎక్కువ కొట్టి పంపుతరు, దించకుండనే కొన్నిసార్లు డెమోకి ఇస్తరు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంతుండాల్నో రాసుంటది. ఎక్కువుంటే దించినంకనే నడుపు, లేకపోతే 16 అంగుళాలది కూడా రాయి లెక్కనే అనిపిస్తది.