పేరూ ఊరూ లేని మాట్లాడే పెట్టె, లోపల రెండు పాత చిప్పులు: ఏంటిది, ఎలా పలికించాలి?

ప్లేనో_పాతసామాను:

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర హామ్ రేడియో వాళ్ల సంతలో ఒక బూడిదరంగు రేకు పెట్టె కొన్నాను. అమ్మినాయన "ఇది మాట్లాడుతుంది" అన్నాడు. అంతకుమించి ఆయనకీ తెలీదు. పైన కంపెనీ పేరు లేదు. ముందు వాల్యూమ్ నాబ్, వెనక డీబీ-25 అనే 25 కాళ్ల సాకెట్టు, కరెంటుకి గుండ్రటి జాక్. జాక్ పక్కన రాసింది అరిగిపోయింది. ఎన్ని వోల్టులో తెలియక ఇంకా ఆన్ చెయ్యలేదు.

మూత తీస్తే 40 కాళ్ల చిప్పు మీద సీటీఎస్256ఏ-ఏఎల్2 అని, 28 కాళ్ల దాని మీద ఎస్‌పీ0256ఏ-ఏఎల్2 అని ఉంది. రెండూ సాకెట్లలోనే ఉన్నాయి. ఇంకా 6116, 1489, ఎల్ఎం386, హీట్ సింక్ తగిలించిన 7805, మూడు డిప్ స్విచ్చులు. క్రిస్టల్స్ రెండు: ఒకదాని మీద 10.000, ఇంకోదాని మీద 3.579.

ఇదే మోడల్? ఇప్పటి ల్యాప్‌టాప్‌కి తగిలించొచ్చా? తెలుగు పలుకుతుందా? మా ఆవిడ అప్పుడే "ఇంకో డబ్బా వచ్చింది" అని మొదలుపెట్టింది.

సిలికాన్_చిన్నోడు:

డెక్‌టాక్ అనే పాత మాట్లాడే పెట్టె అయ్యుంటుంది బ్రో. స్టీఫెన్ హాకింగ్ వాడింది అదే కదా. లాటరీ కొట్టావ్!

టంకం_బాబాయి:

చిన్నోడా, తొందరపడకు. డెక్‌టాక్ 1984లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చింది. అందులో 68000 ప్రాసెసరు, దాని పక్కన ధ్వని లెక్కలు చేసే టీఐ వాళ్ల చిప్పు (డీఎస్పీ) ఉంటాయి. అప్పట్లో ధర నాలుగు వేల డాలర్ల దాకా ఉండేది. హాకింగ్ వాడింది స్పీచ్ ప్లస్ వాళ్ల కాల్‌టెక్స్ట్. రెండు గొంతులకీ మూలం ఎంఐటీలో డెనిస్ క్లాట్ చేసిన పని కాబట్టి జనం కలిపేస్తుంటారు.

ప్లేనో గారూ, మీ పెట్టెకి మోడల్ పేరు వెతకడం దండగ. ఈ చిప్పుల జతతో 80ల్లో చిన్న కంపెనీలూ హాబీ వాళ్లూ ఎవరికి వాళ్లు పెట్టెలు కట్టుకున్నారు. రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్స్ కొట్లో చిప్పులు విడిగా దొరికేవి. నేను ఎమ్మెస్‌కి వెళ్లినప్పుడు కొన్న ఎస్‌పీ0256 ఇంకా నా డబ్బాలో ఉంది.

రెండూ జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లవి. పలికేది 28 కాళ్లది. దానికి ఇంగ్లీషు చదవడం రాదు. లోపల 64 నంబర్లున్నాయి: 0 నుంచి 4 దాకా విరామాలు, మిగతా 59 ఇంగ్లీషు ధ్వనులు. నంబరిస్తే ఆ ధ్వని పలుకుతుంది. 27, 7, 45, 15, 53 వరసగా పంపితే "హలో". 40 కాళ్లది నిజానికి ఒక మైక్రోకంట్రోలర్. మనం పంపిన ఇంగ్లీషు అక్షరాల్ని నియమాల ప్రకారం ఆ నంబర్లుగా మార్చి రెండోదానికి అందిస్తుంది. 6116 దానికిచ్చిన 2 కేబీ ర్యామ్.

కరెంటు సంగతి. కంప్యూటర్ సీరియల్ తీగ (ఆర్ఎస్-232) మీద వచ్చేదాన్ని అందుకునే 1489 ఉంది, తిరిగి పంపే దాని జోడీ 1488 లేదు. అంటే మీ పెట్టె వింటుంది గానీ తిరిగి ఆర్ఎస్-232 వోల్టేజీలో జవాబివ్వదు. కాబట్టి ప్లస్, మైనస్ 12 వోల్టుల గొడవ లేదు. మల్టీమీటర్‌తో జాక్‌లో ఏ కాలు 7805 (5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటరు) మధ్య కాలికి కలుస్తోందో చూడండి, అది గ్రౌండ్. రెండోది 7805 మొదటి కాలికి చేరాలి. దారిలో బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంటే ధ్రువాల బెంగే లేదు. 9 వోల్టుల డీసీ చాలు. రెండు చిప్పులూ పీకి, సాకెట్‌లో 5 వోల్టులు వస్తున్నాయని చూసుకున్నాకే మళ్లీ పెట్టండి. ఎస్‌పీ0256కి 5 వోల్టులు రెండు చోట్ల కావాలి, 7వ కాలికీ 23వ కాలికీ. 1వ కాలు గ్రౌండ్. ఇంతా చేసి ఆన్ చేస్తే పెట్టె "ఓకే" అనాలి.

ల్యాప్‌టాప్‌కి అసలైన ఆర్ఎస్-232 ఇచ్చే యూఎస్‌బీ కేబుల్ కొనండి. ఆర్డుయినో వాళ్లు వాడే 5 వోల్టుల చిన్న బోర్డు ఇక్కడ పనికిరాదు, సిగ్నల్ తిరగబడి ఉంటుంది. డిప్ స్విచ్చులు మూడూ బాడ్ రేటుకి, అంటే అక్షరాలు అందుకునే వేగానికి. 50, 110, 300, 1200, 2400, 4800, 9600 అని ఏడు వేగాలు, ఎనిమిదోది ఒక్కో బిట్టూ వరసగా వచ్చే సీరియల్ కాదు, అన్నీ ఒకేసారి వచ్చే ప్యారలల్! అందులో ఉంటే మీరెంత టైపు చేసినా ఉలకదు పలకదు. 8 బిట్లతో చెత్త పలికితే 7 బిట్లు, 2 స్టాప్ బిట్లు పెట్టి చూడండి. ఎంటర్ కొట్టేదాకా నోరు విప్పదు. ఒక లైను పలికాకే ఇంకోటి పంపండి.

చూపులేని_లైనక్స్:

నేను స్క్రీన్ రీడర్ (తెర మీది రాతని చదివి వినిపించే ప్రోగ్రామ్) మీద బతికేవాణ్ణి కాబట్టి ఒక మాట. రోజూ వాడుకునే ఉద్దేశం ఉంటే ఈ పెట్టె వద్దు. లైనక్స్ కెర్నల్‌లోని స్పీకప్ అనే స్క్రీన్ రీడర్‌లో డబుల్‌టాక్ ఎల్‌టీ, డెక్‌టాక్ ఎక్స్‌ప్రెస్, బ్రెయిల్ ఎన్ స్పీక్, అపోలో లాంటి పాత పెట్టెలకి డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నాయి. సీటీఎస్256కి లేదు. నా దగ్గర డబుల్‌టాక్ ఎల్‌టీ ఉంది. కంట్రోల్-ఎక్స్ పంపిన క్షణంలో నోరు మూస్తుంది, మాకు అదే ముఖ్యం. గొంతు అందం తర్వాత సంగతి. తెలుగు చదివించుకోవడానికి మాత్రం ఈస్పీక్ ఎన్‌జీ అనే సాఫ్ట్‌వేర్ గొంతు వాడతాను.

ప్లేనో_పాతసామాను:

బాబాయ్ గారూ, "ఓకే" అంది! మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి చూసింది. 1200 మీద "హలో" కూడా పలికింది, ముక్కు మూసుకుని బావిలోంచి మాట్లాడినట్టు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో "నమస్కారం" కొడితే ఏదో తెల్లదొర చదివినట్టుంది. గొంతు కూడా కాస్త కీచుగా ఉంది. చిప్పు పోయిందా?

టంకం_బాబాయి:

చిప్పు భేషుగ్గా ఉంది. ఆ కీచుకి కారణం చిప్పు వేగాన్ని నడిపే క్రిస్టల్. ఎస్‌పీ0256కి కావాల్సింది 3.12 మెగాహెర్ట్జ్. 3.579 అనేది అమెరికా కలర్ టీవీల్లో వాడే క్రిస్టల్, చవగ్గా ఎక్కడపడితే అక్కడ దొరికేది, అందరూ అదే పెట్టేవాళ్లు. దాంతో వేగమూ శ్రుతీ రెండూ 15 శాతం దాకా పెరుగుతాయి. నాకైతే అదే అలవాటు, మార్చను.

ఇక తెలుగు. 40 కాళ్లది దారిలో ఉన్నంతకాలం అంతా ఇంగ్లీషు నియమాలే. ఎస్‌పీ0256ని సాకెట్లోంచి తీసి బ్రెడ్‌బోర్డు మీద పెట్టండి. బోర్డు మీదే వదిలి తీగలు లాగితే పాత లాచ్ (విలువ పట్టి ఉంచే చిప్పు) ఏదైనా నంబరు అందించే ఆ అడ్రస్ లైన్లనే పట్టుకుని ఉండొచ్చు. 5 వోల్టుల ఆర్డుయినో ఉనో నుంచి చిప్పు అడ్రస్ కాళ్లు ఏ1-ఏ6కి ఆరు తీగలు, చిప్పు ఏ7, ఏ8 గ్రౌండ్‌కి, 19వ కాలు 5 వోల్టులకి. 9వ కాలు కిందికి (0 వోల్టులకి) దిగి ఉన్నప్పుడు నంబరు పెట్టి 20వ కాలిని ఒక్క క్షణం కిందికి లాగితే చాలు. మాట చివర విరామం నంబరు తప్పనిసరి. లేకపోతే ఆఖరి ధ్వని అలా గీపెడుతూనే ఉంటుంది.

"అమ్మ"కి 15, 16, 16, 15. ఇది ఇట్టే వస్తుంది. "అక్క"లో కిటుకుంది: క రెండుసార్లు పంపితే రెండు విడి క-లు వినిపిస్తాయి. 15, తర్వాత 3, అంటే 100 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆపైన 42, 15 పంపండి. ద్విత్వం చక్కగా కుదురుతుంది. త, ద దగ్గర మాత్రం బాధే. ఇంగ్లీషు టీ ధ్వనితో "తాత" కాస్తా "టాటా" అవుతుంది.

ప్లేనో_పాతసామాను:

"అక్క" అచ్చం కుదిరింది, థాంక్స్. 29వ నంబరుతో "తాత" ప్రయత్నిస్తే గాలి పోయిన టైరులా "థ్స్" అని వస్తోంది. ళ కోసం 45 తప్ప దారి లేదా?

టంకం_బాబాయి:

29 ఊదే ధ్వని, త-లోలా నాలుక తగిలి గాలి ఆగడం (స్పర్శ) దానికి ఉండదు. ముందు విరామం 2 పెట్టి 17 వాడండి, ట అయినా ఫరవాలేదనుకోండి. ళకి 45 తప్ప గతి లేదు. "పెళ్లి" అంటే "పెల్లి" అనే వింటారు. నిజమైన ళ కావాలంటే ఫార్మంట్లు, అంటే ధ్వనికి రూపమిచ్చే స్వరపు శిఖరాలు, మనమే దిద్దుకునే చిప్పు వెతకాలి, ఇది కాదు. ఇంకోటి: ఆన్‌లైన్లో స్పేర్ కొనేటప్పుడు జాగ్రత్త. పైపేరు గీకి ఏఎల్2 అని మళ్లీ ముద్రించినవి తిరుగుతున్నాయి. ఇదే కుటుంబంలో 012 ఇంటెలివాయిస్ ఆట పరికరానిది, 017 గడియారం మాటలది. రాగానే 27, 7, 45, 15, 53 పంపండి. "హలో" రాకుండా ఇంకేదైనా పలికితే వెంటనే వాపసు పంపించెయ్యండి.