అప్‌డేట్: పెన్ సర్ఫ్‌మాస్టర్ రీలుకు లోహపు స్పూలు ఉండవచ్చా?

తాతగారి పాత పెన్ సర్ఫ్‌మాస్టర్‌లో (చేపలు పట్టే గాలపు కర్రకు బిగించే రీలు) నల్ల ప్లాస్టిక్ స్పూలుకు, అంటే దారం చుట్టుకునే చక్రానికి, బదులు లోహపుది ఉన్నందున, అది ఎవరో మార్చినదేమోనని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. స్పూలు అంచును పరిశీలించమన్న సూచనే పనికొచ్చింది: విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనిచేసే ఒక పెద్దాయన భూతద్దం పెట్టి చూపగా, దారం ఒరిసి క్రోమ్ పూత అరిగిపోయిన చోట ఇత్తడి పసుపు స్పష్టంగా బయటపడింది. ఈ రీలు ప్లాస్టిక్, లోహం రెండు రకాల స్పూళ్లతోనూ వచ్చేదని, బిగువుగా చుట్టిన నైలాన్ దారం సాగి తిరిగి ముడుచుకునేటప్పుడు ప్లాస్టిక్ అంచులు పగిలేవి గనుక చాలామంది లోహానికే మొగ్గేవారని మీలో ఒకరు రాసిన వివరణ దీనికి సరిపోయింది. అయస్కాంతం పరీక్ష మాత్రం దండగ, ఎందుకంటే అది ఇత్తడికీ అంటదు, అల్యూమినియానికీ అంటదు. పూత మళ్లీ వేయించడం లేదు. ఆ అరుగుదల నాకు ఇష్టమే.