తంజావూరులో పాతకాలపు భవంతి హోటల్: పెద్దవారితో ఉండి వచ్చినవారి సలహా కావాలి

వచ్చే పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు వెళ్లాలన్నది మా అమ్మగారి చిరకాల కోరిక. ఆమెకు 74 ఏళ్లు. పంచరత్న కీర్తనలు ఐదూ కంఠస్థం. అక్కడికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని తంజావూరులో, పాత భవంతిని బాగుచేసి కొద్ది గదులతో నడుపుతున్న హోటల్‌లో నాలుగు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. 1010లో రాజరాజ చోళుడు పూర్తిచేయించిన బృహదీశ్వరాలయాన్నీ, నాయక రాజుల కాలం నుండి తెలుగు తాళపత్రాలను కాపాడుతూ వచ్చిన సరస్వతీ మహల్‌నూ చూసి వచ్చాక, ఆ ఊరి గాలి తగిలే మండువాలోనే అమ్మ సేదతీరాలని నా ఆశ.

నా సందేహమంతా మెట్ల గురించే. కిందటేడు వేరే ఊరిలో ఇటువంటి హోటల్‌లోనే దిగాము. కింది అంతస్తు అని ఫోనులో చెప్పిన గదికి ఐదు మెట్లు ఉన్నాయి. స్నానాల గది గడప జానెడు ఎత్తు ఉండటంతో, అమ్మ ప్రతిసారీ ఒక చేత్తో ద్వారబంధాన్ని, మరో చేత్తో నా భుజాన్ని పట్టుకొని దాటవలసి వచ్చింది. ఫొటోలలో ఇవేవీ కనబడవు.

తంజావూరులో మెట్లు, ఎత్తు గడపలు లేని గది ఉన్న హోటల్ ఏదైనా మీకు తెలుసా? ఆరాధన రోజులకు ఎన్ని నెలల ముందు గది తీసుకోవాలి? పంచరత్న గానం ఉదయమే కనుక, తెల్లవారకముందే బయలుదేరడానికి కారు హోటల్ వారే ఏర్పాటు చేస్తారా? కింద కూర్చోలేని పెద్దలకు పందిట్లో కుర్చీ దొరుకుతుందా? స్వయంగా వెళ్లి వచ్చినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.