రెగట్టాకి వెళ్ళి ఒడ్డునే కూర్చుంటే అది చూసినట్టా?

తూర్పుగాలి:
మొన్న ఏప్రిల్లో మా బ్యాచ్ ఎనిమిది మందిమి ఫ్లోరిడా నుంచి బహామాస్ వెళ్ళాం, ఎక్సూమా దీవి జార్జ్‌టౌన్‌లో నేషనల్ ఫ్యామిలీ ఐలాండ్ రెగట్టాకి. 1954 నుంచి జరుగుతున్న తెరచాప పడవల పందాలు. ఎనిమిది మందిలో ఏడుగురు ఒక్క పందెం కూడా పూర్తిగా చూడలేదండీ, పొద్దున లేస్తే షాక్‌ల (ఒడ్డున వేసే చిన్న చిన్న కొట్లు) దగ్గరే, తిండి మందు పాటలు. భీమవరం దాకా వెళ్ళి బరి వైపు తొంగి చూడకుండా వచ్చేసినట్టు లేదూ?

గోదారోడు:
అన్నా సంక్రాంతికి మా వైపు వచ్చేవాళ్ళలో సగం మంది చేసేది అదే 😀

ఉప్పునీళ్ళు:
నేను రెండుసార్లు వెళ్ళా. నిజం చెప్పాలంటే పడవలు హార్బర్లో అవతలికి పోయాక ఏది ముందుందో మనకి తెలీదు, షాక్ దగ్గర పక్కన నిలబడిన పెద్దాయన చెప్తేనే తెలుస్తుంది, ఆయన దీవి పడవ ఓడిపోతుంటే ఆయన వేసే కేకలే అసలు కామెంటరీ. ఒడ్డు వేరు పందెం వేరు అనుకుంటే ఎలా?

తూర్పుగాలి:
పోనీ స్టార్ట్ అన్నా చూడాలిగా! మామూలు రేసుల్లోలా గీత దగ్గరికి దూసుకురారు, లంగరేసి తెరచాప దించుకుని వరసగా నిలబడతారు, సిగ్నల్ పడగానే ఒకడు లంగరు తాడు లాగుతుంటే ఇంకొకళ్ళు చాప ఎత్తుతారు. తర్వాత గాలికి పడవ ఒరిగిపోకుండా 'ప్రై' అనే పొడుగాటి చెక్కని పక్కకి బయటికి తోసి దాని మీదకి జనం వరసగా పాకి కూర్చుంటారు, కింద సముద్రమే. ఒళ్ళు జలదరించింది నాకైతే. ఇది వదిలేసి శంఖం మాంసం సలాడా?

పాతపడవ:
సంప్రదాయం మాటకొస్తే, మొదట్లో వచ్చినవి చేపలు పట్టుకునే, సరుకు మోసే పడవలు. ఇప్పుడున్న స్లూప్‌లు (ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవలు) పందెం కోసమే కట్టినవి, వేరే దీవుల నుంచి మెయిల్‌బోట్ (దీవుల మధ్య తపాలా, సరుకు మోసే ఓడ) ఎక్కించి మరీ తెస్తారు. పడవ కట్టేదీ నడిపేదీ బహామాస్ వాళ్ళే, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నారు. మేకతోలు డ్రమ్ము, రంపం, అకార్డియన్‌తో వాయించే రేక్ అండ్ స్క్రేప్ కూడా అంత పాతదే కదా, అది విన్నవాడు ఏం తక్కువ చూశాడని?

తూర్పుగాలి:
అది విన్నా బావుండేది, మావాళ్ళు విన్నది స్పీకర్లో డీజే.

కాంక్‌రాజు:
రేయ్ ఆ ఏడుగురిలో ఒకణ్ణి నేనే, ఇక్కడ కూడా వదలవా. శంఖంలోంచి అప్పుడే తీసిన మాంసం మన కళ్ళముందే తరిగి ఉల్లిపాయ టమాటా మిరపకాయ వేసి నిమ్మకాయ పిండుతాడు, ఆ బండి ముందు గంట నిలబడ్డాను, అదీ తప్పేనా? నువ్వు స్టార్ట్ చూసొచ్చి ఆకలి ఆకలి అని నా గిన్నె సగం ఖాళీ చేశావు, ఆ సంగతి కూడా రాయి.