గర్భసంచి తీసేసినంక హార్మోన్ మాత్రలు: రొమ్ము క్యాన్సర్ భయం ఎంతవరకు నిజం?

మూసీ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)
నల్లగొండ, పాలమూరు పల్లెల్ల నలభై నిండకముందే గర్భసంచి తీయించుకున్నోళ్లు ఏ వాడకు పోయినా కనిపిస్తరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, 15-49 ఏండ్ల ఆడోళ్లల్ల దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ అయితే తెలంగాణల ఏడుగురు దాటిన్రు. చానమందికి ఓవరీలు (అండాశయాలు) కూడా తీసేస్తరు. వీళ్లకు డాక్టర్లు, ఓవరీల నుంచి వచ్చే హార్మోన్‌కు బదులుగ, ఈస్ట్రోజన్ రాస్తున్నరు. వద్దంటున్న నేను. 2002ల అమెరికాల రొమ్ము క్యాన్సర్ పెరిగిందనే కదా అంత పెద్ద పరీక్షను నడిమిట్ల ఆపిన్రు? క్యాల్షియం గోలీలు, నడక చాలవా?

పాలమూరు గైనిక్
ఆ పరీక్ష పేరు డబ్ల్యూహెచ్ఐ (ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్). అందులో రెండు భాగాలున్నాయి, మీరు చెప్పింది ఒకటే. 2002 జులైలో ఆపింది గర్భసంచి ఉన్నవాళ్ల భాగం: 16,608 మంది, సగటు వయసు 63. వాళ్లకిచ్చింది గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ 0.625 మి.గ్రా., దానితోపాటు ఎంపీఏ అనే కృత్రిమ ప్రొజెస్టిన్ (గర్భసంచి లోపొరను కాపాడే ప్రొజెస్టిరోన్ హార్మోన్ లాంటి మందు) 2.5 మి.గ్రా. ఏడాదికి పదివేల మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, మందు వేసుకున్నవాళ్లలో 38 మందికి వచ్చింది. పత్రికలు రాసిన '26 శాతం' ఇదే. మనిషి లెక్కన చూస్తే పదివేలకు ఎనిమిది మంది ఎక్కువ.

రెండో భాగం గర్భసంచి తీసేసినవాళ్లది, 10,739 మంది. వాళ్లకు ప్రొజెస్టిన్ లేకుండా ఒక్క ఈస్ట్రోజనే ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ ఏడాదికి పదివేలకు ఉత్తుత్తి మాత్రవాళ్లలో 33 అయితే, మందు వేసుకున్నవాళ్లలో 26కి తగ్గింది. 2004లో ఆ భాగాన్నీ ఆపారు. అయితే కారణం క్యాన్సర్ కాదు, పక్షవాతం: ఏడాదికి పదివేలకు సుమారు 12 మందికి ఎక్కువగా వచ్చింది. ఇరవై ఏళ్ల లెక్కలు 2020లో వచ్చాయి. ఒక్క ఈస్ట్రోజన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు కూడా తక్కువే.

గర్భసంచి లేని 38 ఏళ్ల ఆమెకు, గర్భసంచి ఉన్న 63 ఏళ్లవాళ్ల అంకె చెప్పి మందు మాన్పించడం ఏం లెక్క?

మిర్యాలగూడ మెడికల్ షాపు
డాక్టర్ మేడం చెప్పింది కాగితం మీద కరెక్టే. కౌంటర్ కాడ కథ వేరు. 'హార్మోన్ గోలీ' అని అడిగితే చేతికొచ్చేవి మూడు రకాలు. నార్‌ఎథిస్టిరోన్ 5 మి.గ్రా., పండుగలకు, పెండ్లిళ్లకు నెలసరి జరుపుకునేందుకు కొనేది. గర్భనిరోధక మాత్రలు. ఆఖరుకు అసలైన ఈస్ట్రోజన్ గోలీ, ఎస్ట్రడయోల్ వాలరేట్, 1, 2 మి.గ్రా. గర్భసంచి లేనామెకు నార్‌ఎథిస్టిరోన్ ఒక్కటే ఇస్తే, ఓవరీలు పోయి తగ్గిన ఈస్ట్రోజన్ లోటు అట్లనే ఉంటది. లేనిపోని ప్రొజెస్టిన్ మాత్రం మీద పడతది. చీటీ లేకుండ, పాత అట్ట చూపిచ్చి తీస్కపోయేటోళ్లే ఎక్కువ. మీరంత ఏ మందు మంచిదని కొట్లాడుతున్నరు, ముందు వాళ్లు మింగుతున్నదేందో చూడున్రి.

క్యాన్సర్ వార్డు
పాలమూరు గైనిక్ గారు సగమే చెప్పారు. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రపంచవ్యాప్త పరిశీలనలన్నీ కలిపిన లెక్క వచ్చింది. 50 ఏళ్లకు మొదలుపెట్టి 5 ఏళ్లు రోజూ రెండు హార్మోన్లూ వాడితే, 69 ఏళ్లలోపు ప్రతి 50 మందికి ఒక క్యాన్సర్ అదనం. ఒక్క ఈస్ట్రోజన్ అయితే 200 మందికి ఒకటి. అంటే తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. ఇంకో మాట, ఓవరీలు చిన్న వయసులో తీసేస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు మామూలుకన్నా తగ్గుతుంది. హార్మోన్ ఇస్తే ఆ లాభం కొంత పోదా? పైగా జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో హైదరాబాద్‌లో రొమ్ము క్యాన్సర్ ఏడాదికి లక్ష మంది ఆడవాళ్లకు 48, దేశంలో ముందువరస. 'మన దగ్గర తక్కువే' అనుకునే రోజులు పోయాయి.

2025 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ హార్మోన్ మందుల లేబుల్‌లో నల్లగీత గీసి ఇచ్చే (బ్లాక్ బాక్స్) హెచ్చరికను తీసేస్తామని ప్రకటించాక, 'ఇక ఏ ప్రమాదమూ లేదట' అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. గీత తీసినంత మాత్రాన పై అంకెలు మారలేదు. గర్భసంచి ఉండగా ఒక్క ఈస్ట్రోజనే వాడితే గర్భసంచి లోపొరకు క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరికను తీయడం లేదు కూడా.

పాలమూరు గైనిక్
లాన్సెట్ లెక్క తోసెయ్యలేను. డబ్ల్యూహెచ్ఐకీ దానికీ తేడా ఎందుకొచ్చిందంటే, మొదటిదాంట్లో చాలామంది నెలసరి ఆగిన ఎన్నో ఏళ్లకు మందు మొదలుపెట్టారు, రెండోదాంట్లో ఆగిన కొత్తలోనే. ఒకటి చీటీ వేసి పంచిన పరీక్ష, ఇంకొకటి వాడినవాళ్లను గమనించింది. కానీ పైన చెప్పిన అంకెలన్నీ 50, ఆపై వయసువాళ్ల గురించే. 38 ఏళ్లామెకు 50 దాకా ఇచ్చేది, ఆమె ఓవరీలు ఉంటే చేసే పనికి బదులే. కాబట్టి ఆమెను పోల్చాల్సింది మందు వేసుకోని 60 ఏళ్ల అమ్మతో కాదు, ఓవరీలున్న తన ఈడు చెల్లెలితో.

ఓవరీలు తీసేస్తే రొమ్ముకు మేలన్నది నిజమే. అయితే 45 లోపు తీసేసి ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే గుండె జబ్బు, ఎముకలు గుల్లబారడం, మతిమరుపు, మూడూ పెరుగుతాయి. రొమ్ములో మిగిల్చింది గుండె దగ్గర పోగొట్టుకుంటాం. అందుకే మార్గదర్శకాలన్నీ, అడ్డు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకా ఇవ్వమనే అంటున్నాయి.

దేవరకొండ సిస్టర్
మూసీ ఒడ్డు అన్నా, 'క్యాల్షియం చాలు' అన్నరు. మన జిల్లాల ఇంకో చిక్కుంది. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లకు డెక్సా స్కాన్ (ఎముక ఎంత చిక్కగున్నదో కొలిచేది) చేస్తే వెన్నుపూస లెక్క బాగున్నట్టే వస్తది, ఒక్కోసారి మామూలుకంటె ఎక్కువ కూడా. ఫ్లోరైడ్ పేరుకుంటే ఎముక చిక్కగ కనిపిస్తది గని గట్టిగుండదు. ఆ రిపోర్టు చూసి 'ఎముకలు బాగున్నయి, హార్మోన్ ఎందుకు' అని పంపేస్తే తుంటి విరిగినప్పుడు తెలుస్తది. ఫ్లోరోసిస్ ఉన్నోళ్లకు వెన్నుది ఒక్కటే నమ్మొద్దు. తుంటి, ముంజేయి కొలతలు చూడాలె, ఎక్స్‌రే పక్కన పెట్టుకోవాలె.

ఇంకోటి. ఓవరీలు ఉన్నయో లేవో వాళ్లకే తెల్వదు. డిశ్చార్జి కాగితం మీద 'టీఏహెచ్' ఒక్కటే ఉంటే గర్భసంచి మటుకే తీసిన్రు. పక్కన 'బీఎస్ఓ' ఉంటే రెండు ఓవరీలు పోయినయి. 'యూఎస్ఓ' అంటే ఒకటి మిగిలింది. కాగితం పోతే బయాప్సీ రిపోర్టుల ఏమేం పంపిన్రో రాసుంటది. అదీ లేకుంటే ఓవరీలు పనిచేస్తున్నయో లేదో తెలిపే ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్ష, 4 నుంచి 6 వారాల తేడాతో రెండుసార్లు. ఓవరీలు ఉంచినా, గర్భసంచి పోయినోళ్లకు అవి కొన్నేండ్లు ముందే అలిసిపోతయి. నెలసరి రాదు గాబట్టి ఆగిన సంగతే తెల్వదు. రాత్రిపూట చెమటలు, ఒంట్ల మంటలు, నిద్ర లేకపోవుడే గుర్తు.

మూసీ ఒడ్డు
సరే, చిన్న వయసోళ్ల సంగతి ఒప్పుకుంట. కని మెడికల్ షాపు అన్న చెప్పినట్టు పాత అట్ట పట్టుకొని పదేండ్లు మింగితే? మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) ఎవరు చేయిస్తరు? చూసే దిక్కు లేని కాడ మందు ఇయ్యకపోవుడే నయం కాదా?

పాలమూరు గైనిక్
చూసే దిక్కు లేదని బీపీ మాత్రలు ఆపుతామా? మొదలుపెట్టేముందు అడగాల్సినవి కొన్నే: రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, అమ్మకో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చిందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నాయా. గర్భసంచి ఎందుకు తీశారన్నది మరీ ముఖ్యం. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరిగే జబ్బు) కోసమైతే మిగిలిన ముక్కలు ఈస్ట్రోజన్‌కు మళ్లీ లేస్తాయి, అలాంటప్పుడు ప్రొజెస్టిరోన్ కలపాల్సి రావచ్చు. క్యాన్సర్ కోసం తీసి ఉంటే క్యాన్సర్ డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోవద్దు.

చిన్న వయసువాళ్లకు తరచు ఎస్ట్రడయోల్ రోజుకు 2 మి.గ్రా. మాత్ర కావాల్సొస్తుంది. 1 మి.గ్రా.తో మంటలు తగ్గక 'పని చెయ్యదు' అని మానేసేవాళ్లు ఉన్నారు. లావున్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు ఒంటికి రాసుకునే ఎస్ట్రడయోల్ జెల్ మేలు (రోజుకు 1.5 మి.గ్రా.). ఎందుకంటే మాత్రతో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, చర్మం మీద రాసేదానితో పెరిగినట్టు పరిశీలనల్లో కనబడలేదు. భుజానికో తొడకో రాసి ఆరనివ్వాలి, రొమ్ము మీద రాయకూడదు, రాసిన చోటు గంటసేపు పిల్లలకు తగలనివ్వద్దు. మొదలుపెట్టిన మూడు నెలలకు చూపించుకుని, తర్వాత ఏటా బీపీ, రొమ్ము పరీక్ష. తెలంగాణ ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లలో మంగళవారం రొమ్ము పరీక్ష పెట్టారు.

క్యాన్సర్ వార్డు
చిన్న వయసులో ఓవరీలు పోయినవాళ్లకు ఇవ్వడంలో నాకు పేచీ లేదు. నా పేచీ 50 దాటాక ఆపకపోవడంతోనే. అక్కడ మళ్లీ లెక్క వేసుకోవాలి. గర్భసంచి ఉన్నవాళ్లకైతే ప్రొజెస్టిరోన్ తప్పదు, ముప్పులో పెద్ద వాటా దానిదే. ఫ్రాన్స్‌లో జరిగిన ఈ3ఎన్ పరిశీలనలో సహజ ప్రొజెస్టిరోన్ కలిపినప్పుడు, కృత్రిమ రకాలతో వచ్చినంత పెరుగుదల రాలేదు. రాత్రి పడుకునేముందు 100 మి.గ్రా., మగత వస్తుంది. 60 దాటి, నెలసరి ఆగి పదేళ్లయినామెకు కొత్తగా మొదలుపెట్టను.

రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు ఇది పూర్తిగా వేరే మాట. స్వీడన్‌లో అలాంటివాళ్లకు హార్మోన్ ఇచ్చి చూసిన హాబిట్స్ పరీక్షను క్యాన్సర్ తిరగబెడుతోందని 2003లో ఆపేశారు. మంటలకు వాళ్లకు హార్మోన్ కాని వెన్లాఫాక్సిన్ లాంటివి ఇస్తాం. టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతున్నామెకు, మంటలకే ఇచ్చే పారోక్సెటిన్ మాత్రం వద్దు, టామోక్సిఫెన్‌ను పనిచేయనివ్వదు.

మిర్యాలగూడ మెడికల్ షాపు
ఒక్క మాట రాయున్రి డాక్టర్లూ. చీటీ మీద మందు పేరు కింద 'గర్భసంచి లేదు', 'ఓవరీలు లేవు', 'ఫలానా నెల దాకా' అని మూడు ముక్కలు తెలుగుల రాస్తే, పాత అట్ట తెచ్చినోళ్లను మేమే వాపస్ పంపుతం.