చవక ఫుట్‌బాల్ గేమ్‌ల లోపాలు: డబ్బు లేకనా, ఆట తెలియకనా?

హ్యాష్‌మార్క్:
మాట్లాడేది అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌ల గురించి. యాక్సిస్ ఫుట్‌బాల్ అనే చవక గేమ్ మీద ఎవరు ఒక్క విమర్శ పెట్టినా కింద ఒకటే జవాబు పడుతోంది. చిన్న టీమ్, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) లైసెన్స్ లేదు, పెద్ద కంపెనీ గేమ్ మ్యాడెన్ ధరతో పోలిస్తే ఇదెంతని, సర్దుకుపోండి అని. సర్దుకుపోవాల్సినవి ఉన్నాయి, కాదనను. ప్లేయర్లు బిగుసుకుపోయి పరిగెత్తడం, టీమ్‌లకి అసలు పేర్లు లేకపోవడం, ఇలాంటివాటికి డబ్బు కావాలి. కానీ డబ్బుతో పని లేని తప్పులు కూడా బడ్జెట్ ఖాతాలోనే రాసేస్తున్నారు.

ఉదాహరణకి చివరి రెండు నిమిషాలు. కంప్యూటర్ టీమ్ 4 పాయింట్లు ముందుంది, బంతి దాని చేతిలోనే, ఫస్ట్ డౌన్ (10 గజాలు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది), గడియారంలో 2:00, ఎదుటివాళ్ల టైమౌట్లు అయిపోయాయి. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ప్లే నడిపేవాడు) మోకాలు ఆన్చడం తప్ప ఇంకేం చేయక్కర్లేదు. ఒక్కో నీల్‌కి 2 సెకన్లు, ఆపైన ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి గడువు) 40 సెకన్లు. 2:00కి మొదటిది, 1:18కి రెండోది, 0:36కి మూడోది, అంతటితో మ్యాచ్ సరి. కోడ్‌లో ఇది నాలుగు లైన్ల షరతు. అయినా ఈ తరగతి గేమ్‌లలో కంప్యూటర్ సరిగ్గా అప్పుడే పాస్ విసిరి, అది నేలపాలై, గడియారం ఆగడం మామూలే.

ఇంకోటి. 3 పాయింట్లు వెనకబడ్డారు, 20 సెకన్లుంది, ఫోర్త్ అండ్ 8 (చివరి ప్రయత్నం, ఇంకా 8 గజాలు కావాలి), బంతి ఎదుటివాళ్ల 32 గజాల గీత మీద. ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని 3 పాయింట్లు తేవడం) దూరం అంటే 32కి 17 కలపాలి (గీత అవతలి ఎండ్ జోన్ 10, ప్లే మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించే స్నాప్‌కి 7), 49 గజాలు. ప్రొఫెషనల్ కిక్కర్‌కి అందేదే. అక్కడ పంట్ చేసే (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకి ఇచ్చేసే) గేమ్‌ని బడ్జెట్ పేరు చెప్పి ఎలా వెనకేసుకొస్తారు?

యూనిటీ బాబాయ్:
క్లాక్ సంగతి సరే. కానీ మీరు తేలిగ్గా పక్కన పెట్టేసిన యానిమేషనే మిగతా సగం జబ్బులకి మూలం.

ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ప్లే ఇద్దరు మనుషులు ఢీకొట్టడంతోనే ముగుస్తుంది. ట్యాకిల్ సహజంగా కనపడాలంటే పట్టేవాడికి, పడేవాడికి కలిపి జంటగా రికార్డ్ చేసిన కదలికలు కావాలి. వచ్చే కోణాలు కనీసం ఎనిమిది, వేగాలు రెండు మూడు, శరీరం సైజులు రెండు మూడు. గుణించుకోండి, డెబ్బై దాకా పోతుంది. ఇదొక్క ట్యాకిల్‌కే. బ్లాక్‌లు (ఎదుటివాడిని అడ్డుకోవడాలు), క్యాచ్ గాల్లో ఉండగా తగిలే దెబ్బలు ఇంకా లెక్కలోకే రాలేదు. రెడీమేడ్‌గా కొనుక్కునే యానిమేషన్లు ఎక్కువగా ఒంటరి మనిషివి. అవి తెచ్చి అతికిస్తే ఏమవుతుందో మీరు చూస్తున్నారు. డిఫెండర్ గజం దూరం నుంచి అమాంతం జరిగి రన్నర్‌కి అతుక్కుంటాడు.

పాదాలు జారడం కూడా ఇక్కడిదే. పరుగు యానిమేషన్ సెకనుకి 6 గజాల అడుగుతో తీసి, ప్లేయర్‌ని కోడ్ 8 గజాలతో తోస్తే, కాలు నేల మీద ఉండగానే మనిషి ముందుకి జారతాడు. యానిమేషన్ వేగాన్ని 1.33 రెట్లు పెంచితే జారడం తగ్గుతుంది, కాళ్లు మాత్రం గిలగిలా కొట్టుకుంటాయి. మధ్య వేగాలకి వేరే క్లిప్‌లు ఉంటే తప్ప దీనికి మందు లేదు, ఆ క్లిప్‌లు ఊరికే రావు.

నాలుగో డౌన్:
బాబాయ్, డబ్బుంటే బాగుపడుతుందని కూడా గ్యారంటీ లేదు. 2010లో న్యాచురల్‌మోషన్ వాళ్ల బ్యాక్‌బ్రేకర్ గుర్తుందిగా. జంట యానిమేషన్ల బెడద లేకుండా యుఫోరియా ఫిజిక్స్‌తో అప్పటికప్పుడు పడిపోయే ట్యాకిల్స్. అవి ఇప్పటికీ బాగానే ఉంటాయి. కానీ కెమెరాని ప్లేయర్ వీపుకి అతికించారు, మైదానం కనపడదు, సేఫ్టీ (అందరికన్నా వెనక నిలబడే డిఫెండర్) ఎక్కడున్నాడో తెలియదు. ట్యాకిల్ కుదిరింది, ఫుట్‌బాల్ కుదరలేదు.

చవక గేమ్‌లలో అసలు లోపం డిఫెండర్ ఎటు పరిగెడతాడన్న చోట ఉంది. లెక్క చెప్తాను, కాగితం మీద వేసి చూసుకోండి. రన్నర్ సైడ్‌లైన్ పక్కన నిటారుగా సెకనుకి 8 గజాలతో పోతున్నాడు. డిఫెండర్ అతనికి 12 గజాలు పక్కన, 10 గజాలు ముందు, అదే వేగం. సరైన కోణంలో పరిగెడితే రన్నర్ 12.2 గజాలు పోయేసరికి, అంటే ఒకటిన్నర సెకన్లకి, ఇద్దరూ కలుసుకుంటారు. ట్యాకిల్. ఇప్పుడు డిఫెండర్ ప్రతి క్షణం రన్నర్ ఉన్నచోటికే మూతి తిప్పుతూ పరిగెత్తాడనుకోండి. దారి వంకర తిరిగి, చివరికి రన్నర్ వెనక్కి చేరతాడు, దాదాపు 2.8 గజాల ఎడంతో. ఆ ఎడం ఇక ఎప్పటికీ తగ్గదు, వేగం ఒకటే కాబట్టి. టచ్‌డౌన్.

స్వీప్, టాస్ ప్లేలు (సైడ్‌లైన్ వైపు తిప్పి పరిగెత్తేవి) పదే పదే 60 గజాలు పోతున్నాయంటే ఎక్కువసార్లు కారణం ఇదే. కబడ్డీలో మంచి కవర్ డిఫెండర్ రైడర్ మీదికి ఉరకడు, మిడ్‌లైన్‌కి పోయే దారి మూస్తాడు. ఈ ఒక్క సూత్రం కోడ్‌లో రాయడానికి కావాల్సింది వర్గ సమీకరణం. మోషన్ క్యాప్చర్ సూట్ కాదు.

యూనిటీ బాబాయ్:
సమీకరణం రాయడం అరగంట పని. రాశాక ఏమవుతుందో అది కదా చెప్పాలి.

పర్సూట్ కోణం (డిఫెండర్ వెంటాడే కోణం) సరిచేశారు. వెంటనే పొడుగు పరుగులు మాయం, సగటు రన్ 2 గజాలకి పడిపోయింది. ఎందుకంటే అంతకుముందు లైన్ బ్లాకింగ్ బలహీనంగా ఉన్నా, ఆ పిచ్చి కోణాలే పరుగుల్ని మోస్తున్నాయి. ఇప్పుడు బ్లాకర్ల రేటింగ్ పెంచుతారు. పెంచితే పాస్ ప్రొటెక్షన్ కూడా బలపడుతుంది, శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడాలు) పోతాయి, క్వార్టర్‌బ్యాక్ ఆరు సెకన్లు హాయిగా నిలబడి విసురుతాడు. దాన్ని ఆపడానికి కార్నర్లని (పాస్ పట్టే రిసీవర్లని కాచే డిఫెండర్లని) చురుకు చేస్తారు, ఇంటర్‌సెప్షన్లు (పాస్‌ని డిఫెన్స్ పట్టేయడాలు) మ్యాచ్‌కి ఆరు. 22 మంది ఒకరికొకరు ముడిపడ్డ వ్యవస్థ ఇది. పెద్ద స్టూడియోలో దీన్ని బ్యాలెన్స్ చేయడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు. ఇక్కడ కోడ్ రాసేవాడే మెనూ బటన్లూ గీయాలి.

నాలుగో డౌన్:
అందుకే కంప్యూటర్‌కి కంప్యూటర్‌కి మధ్య మ్యాచ్‌లు పెట్టి రాత్రంతా నడపాలి. గ్రాఫిక్స్ ఆపేసి, గడియారం వేగం పెంచి, వెయ్యి మ్యాచ్‌లు. పొద్దున్నే నాలుగు అంకెలు చాలు: సగటు రన్ 4.3 గజాల దగ్గర, పాస్ పూర్తయ్యేది 65 శాతం దగ్గర, ఒక్కో టీమ్‌కి శాక్‌లు రెండు మూడు, 40 గజాలు దాటిన రన్‌లు అరుదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నడిచేది ఇంచుమించు అదే. మార్పు చేసిన ప్రతిసారీ ఇదే పరీక్ష. ఒక పాత పీసీ, కరెంటు బిల్లు, అంతే ఖర్చు.

ఇంకో మాట. రన్ బ్లాక్‌కి, పాస్ బ్లాక్‌కి ఒకే రేటింగ్ వాడి ఉంటేనే మీరు చెప్పిన గొలుసు మొదలయ్యేది. విడగొట్టమనండి.

రూజ్ పాయింట్:
మీరంతా యాక్సిస్ దగ్గరే ఆగిపోయారు. కెనడా వాళ్ల మ్యాగ్జిమం ఫుట్‌బాల్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. 2018లో కన్సోళ్ల మీదికి వచ్చింది, 2019కి మాజీ క్వార్టర్‌బ్యాక్ డగ్ ఫ్లూటీ పేరు తగిలించుకుంది. దాని లోపం ఇంకో రకం. ఒకే గేమ్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ తరహా, కాలేజీ, కెనడా, మూడు రకాల నియమాలు పెట్టారు.

కెనడా ఫుట్‌బాల్ అంటే నియమం ఒకటి రెండు మార్చితే అయిపోయేది కాదు. ఆ గేమ్ వచ్చేనాటికి 110 గజాల మైదానం, 65 గజాల వెడల్పు, 12 మంది, మూడే డౌన్లు, స్నాప్‌కి ముందే రిసీవర్లు ప్లే మొదలయ్యే గీత వైపు పరిగెత్తుకుంటూ రావచ్చు, డిఫెన్స్ బంతికి గజం దూరంలో నిలబడాలి. అమెరికా మైదానం 53⅓ గజాల వెడల్పుకి కట్టిన జోన్ కవరేజీని (ఒక్కో డిఫెండర్ ఒక్కో చోటు కాచే పద్ధతిని) 65 గజాల్లో పరిస్తే మధ్యలో అన్నీ కంతలే. నాలుగు డౌన్లకి రాసిన ప్లే కాలింగ్‌తో సెకండ్ అండ్ 9లో డైవ్ రన్ (మధ్యలోంచి దూసుకెళ్లే చిన్న పరుగు) పిలిస్తే, కెనడాలో దాని తర్వాత పంటే. ఒక్క నియమావళికే సరిపోని మనుషుల్ని మూడింటికి పంచారు. ఇది డబ్బు లోపమా, పథకం లోపమా మీరే చెప్పండి. అయితే ఇదీ నిజం: అప్పట్లో కన్సోల్ మీద కెనడా నియమాలతో ఆడాలనుకునేవాళ్లకి వేరే దిక్కు ఉండేది కాదు. ఆ మూడో నియమావళి తీసేసి ఉంటే ఆ గేమ్ కొనేవాళ్లలో చాలామందికి కొనే కారణమే పోయేది.

గుంటూరు బ్లిట్జ్:
చవక ధర వేరు, చవక తయారీ వేరు. 2004లో ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కే5ని 19.99 డాలర్లకి అమ్మారు. అది పూర్తి స్థాయి గేమ్, దాని దెబ్బకి మ్యాడెన్ కూడా ధర తగ్గించింది. ఆ డిసెంబర్‌లోనే మ్యాడెన్ తీసే ఈఏ ఎన్‌ఎఫ్‌ఎల్‌తో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది, తలుపు మూసుకుంది. తర్వాత 2007లో 2కే వాళ్లే రిటైరైన ప్లేయర్లతో ఆల్-ప్రో ఫుట్‌బాల్ 2కే8 తెచ్చారు. మైదానంలో ఆట బాగుంది, ఫ్రాంచైజీ మోడ్ (ఒక టీమ్‌ని ఏళ్ల తరబడి నడిపే పద్ధతి) లేదు. యాక్సిస్ దానికి తలకిందులు. ఫ్రాంచైజీ లోతుగా ఉంది, కోచింగ్ స్టాఫ్, గాయాలు, డ్రాఫ్ట్ అన్నీ ఉన్నాయి, మైదానంలోకి దిగితేనే పేచీ.

ఇందులో వింతేం లేదు. ఫ్రాంచైజీ మోడ్ అంటే పట్టికలూ లెక్కలూ. ఒక్క ప్రోగ్రామర్ రాయగలడు. మైదానం అలా కాదు. చిన్న స్టూడియో తనకి చేతనైనది బాగా చేసింది. దాన్ని శ్రద్ధ లేదనడం అన్యాయం.

హ్యాష్‌మార్క్:
శ్రద్ధ లేదని నేననలేదు బ్రదర్. శ్రద్ధ ఎటు పెట్టారనేదే గొడవ.

మీ దగ్గరున్న ఏ చవక గేమ్‌లోనైనా ఇది చేసి చూడండి. డిఫెన్స్ కవర్ 3లో ఉన్నప్పుడు ఫోర్ వర్టికల్స్ పిలవండి. ముగ్గురు లోతు డిఫెండర్లు, ఒక్కొక్కరికీ సుమారు 18 గజాల వెడల్పు. నలుగురు రిసీవర్లు నిటారుగా పోతారు. బయట ఇద్దరినీ కార్నర్లు చూసుకుంటారు. లోపలి ఇద్దరి మధ్య ఫ్రీ సేఫ్టీ ఒక్కడే. నిజం ఆటలో అతను ఇద్దరికీ నడుమ వెనక్కి జరుగుతూ, క్వార్టర్‌బ్యాక్ భుజం ఎటు తిరుగుతుందో చూసి కదులుతాడు. కింద లైన్‌బ్యాకర్ కూడా సీమ్ రూట్‌లో వచ్చే లోపలి రిసీవర్‌ని భుజంతో తట్టి ఆలస్యం చేస్తాడు. చవక గేమ్‌లో సేఫ్టీ దగ్గరున్న రిసీవర్‌కి అతుక్కుపోతాడు, రెండోవాడు ఖాళీ. ఇంకా అన్యాయమైన రకం ఒకటుంది: జోన్‌లో ఉన్నవాడు తనకి గీసిన చుక్క మీదే నిలబడతాడు, బంతి గాల్లోకి లేచాక గానీ కదలడు. 25 గజాల పాస్ గాల్లో ఉండేది సుమారు 1.2 సెకన్లు. అప్పుడు బయల్దేరితే అందేదేముంది?

ఈ ఒక్క ప్లే ప్రతిసారీ పనిచేస్తుందని తెలిశాక మీ లోతైన ఫ్రాంచైజీలో పదేళ్లు ఆడటానికి ఏం మిగులుతుంది?

గుంటూరు బ్లిట్జ్:
కోచ్ మోడ్ మిగులుతుంది. ప్లేలు పిలిచి చూస్తూ కూర్చునేవాళ్లే చాలామంది. వాళ్లు ఫోర్ వర్టికల్స్ పదే పదే పిలవరు. పైగా పీసీలో టీమ్‌లు, లోగోలు, యూనిఫామ్‌లు మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు, మ్యాడెన్‌లో అంత చనువు దొరకదు.

హ్యాష్‌మార్క్:
కంప్యూటర్ పిలిస్తే? మీ సేఫ్టీ కూడా అదే కోడ్‌తోనే నడుస్తాడు.

పిక్సెల్ పంట్:
రెట్రో బౌల్ చూడండి. 2020లో ఫోన్ల మీదికొచ్చింది. డిఫెన్స్ ఆడనివ్వదు, నేరుగా స్కోరు చెప్పేస్తుంది. కోణాలు, జోన్లు, ఈ లెక్కల్లో సగం దానికి అక్కర్లేదు. డబ్బు లేనివాడు చేయాల్సిన పని అదే, చేయలేనిది ఆటలోంచి తీసేయడం. లెజెండ్ బౌల్ ఇంకో దారి పట్టింది. పదకొండు మంది ఉన్నారు, రెండు వైపులా ఆడొచ్చు, కానీ బొమ్మలు పిక్సెల్‌వి. ట్యాకిల్‌లో నాలుగు ఫ్రేములు తగ్గినా ఎవరి కంటికీ ఆనదు. బాబాయ్ చెప్పిన డెబ్బై జంట యానిమేషన్ల బాధ అక్కడ లేదు. 3డీలో మ్యాడెన్‌లా కనపడాలన్న పంతమే ఈ స్టూడియోలని ముంచుతోంది.

యూనిటీ బాబాయ్:
పిక్సెల్ చేస్తే కొనేవాళ్లు మారిపోతారు. స్టోర్ పేజీలో స్క్రీన్‌షాట్ చూసి ఐదు సెకన్లలో తేల్చుకునే వాడికి 3డీ హెల్మెట్ కనపడాలి. ఆ డబ్బుతోనే వచ్చే ఏడాది ఎడిషన్ నడవాలి.

నాలుగో డౌన్:
ఆ ఏటేటా ఎడిషనే ఇంకో ఉచ్చు బాబాయ్. ఆగస్టుకల్లా కొత్త నంబర్‌తో అమ్మాలంటే ట్రైలర్‌లో చూపించడానికి కొత్త ఫీచర్ ఉండాలి. "సేఫ్టీ ఇప్పుడు ఇద్దరు రిసీవర్ల నడుమ నిలబడతాడు" అని ట్రైలర్ కట్ చేయలేరు. కొత్త స్టేడియం ఎడిటర్‌ని చేయగలరు. కోడ్ రాసేవాడి నెలలన్నీ అటే పోతాయి. రెండేళ్లకోసారి అమ్మి, మధ్యలో ఉచిత ప్యాచ్‌లిస్తే మొదటి ఏడాది డిఫెన్స్‌కే కేటాయించొచ్చు.

యూనిటీ బాబాయ్:
మధ్య ఏడాది జీతాలు ఎవరిస్తారు?